ముప్పై ఒకటో తారీకు గడి

లైబ్రరీ మెట్ల మీద నలభై మంది కూర్చుని ఉండడం చూసి పొదుపక్క గబుక్కున తలుపు వైపు చూసింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పొద్దున్న ఎనిమిదింటికే తియ్యాల్సిన తాళం ఇంకా తలుపుకే వేలాడుతోంది.

ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాన్ని చచ్చినా పారెయ్యనివ్వదు కాబట్టి ఆమెకా పేరు వచ్చింది. పెద్ద లైబ్రేరియన్‌గారు కూతురి పురిటికి నెల రోజులు సెలవు పెట్టి, "ఇక అంతా నీదే అమ్మాయ్" అంటూ రెండో తాళంచెవి ఆమె చేతిలో పెట్టి వెళ్ళారు. ఇన్‌ఛార్జి హోదా ఆమెకదే మొదటిసారి. అందుకే ఆ నెల డ్యూటీ చార్టు మీద రెండు రోజులు కూర్చుంది. ఎనిమిది మంది సిబ్బంది, ముప్పై ఒక్క రోజులు. కిందికి పేర్లు, అడ్డంగా తారీకులు. స్ప్రెడ్‌షీట్‌లో చూడముచ్చటగా కుదిరింది గానీ, ప్రింటు తియ్యబోతే చివరి మూడు తారీకులు రెండో కాగితం మీదికి దూకుతున్నాయి. మూడు గళ్ళ కోసం ఇంకో కాగితమా! ఆమె ప్రాణం ఒప్పుకోలేదు. నాలుగు వైపులా మార్జిన్లు సున్నాకి దించేసింది. కంప్యూటరు ఏదో హెచ్చరిక చూపించింది. చదవకుండానే 'సరే' నొక్కింది. ఒక్క కాగితంలో వచ్చింది కదా అని సంబరపడి, అందరికీ తలా ఒకటి పంచి, ఒకటి గోడకి అంటించింది.

ఇప్పుడు తలుపులు తీసి, అందరినీ లోపలికి పంపి, ఫోన్లు మొదలుపెట్టింది. పొద్దుటి డ్యూటీ అటెండరు పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నాడు.

"ఇవాల నాకు దూటీ ఎక్కదుందక్కా?" అన్నాడు, సగం మొద్దుబారిన నోటితో.

పుస్తకాలిచ్చే అమ్మాయి ఎవరింట్లోనో పెళ్ళిలో ఉంది. వెనకాల బాజాలు.

"ముప్పైతోనే చార్టు అయిపోయింది కదక్కా! నెలాఖరు రోజున మీరే అందరికీ సెలవిచ్చారనుకున్నాం. ఎంత మంచి మనసో అని మెచ్చుకున్నాం కూడా."

"ఎగతాళా?" అంది పొదుపక్క. ఫోను పెట్టేసి గోడ దగ్గరికి పరుగెత్తింది. చార్టులో ముప్పై ఉంది. దాని పక్కన వేలెడు వెడల్పు తెల్ల కాగితం. అంతే. కంప్యూటరు తెరిచి చూసింది. అక్కడ ముప్పై ఒకటి నిక్షేపంలా ఉంది, తన పేరు ఎదుట మధ్యాహ్నం డ్యూటీతో సహా. మళ్ళీ ప్రింటు కొట్టింది. మళ్ళీ ముప్పైతో ఆగిపోయింది. ఆమె కళ్ళు చెమర్చాయి. ఒక్క నెల అప్పగిస్తే ఒక రోజునే పోగొట్టుకున్నాను అనుకుంది.

"నా వారపత్రిక ఎక్కడుందమ్మా?" అంటూ అచ్చు మాస్టారు బల్ల దగ్గరికి వచ్చారు. ముప్పయ్యేళ్ళు అచ్చాపీసులో పనిచేసి రిటైరైన మనిషి. రోజూ అందరికంటే ముందొచ్చే పాఠకుడు. ఆమె ముఖం చూసి పత్రిక సంగతి మరిచిపోయి, కాగితం అందుకున్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అంచులు తడిమారు.

"అంచు ఎంత వదిలావు?"

"అసలు వదల్లేదు మాస్టారూ. సున్నా పెట్టాను."

"నువ్వు సున్నా అన్నావు, అది సరేనంది. చెయ్యలేకపోయింది పాపం." ఆయన కాగితాన్ని రెండు వేళ్ళతో కొస దగ్గర పట్టుకున్నారు. "చూడు. కాగితాన్ని లాక్కోవాలంటే మిషను ఎక్కడో ఒకచోట పట్టుకోవాలా వద్దా? పట్టుకున్న చోట సిరా ఎట్లా వేస్తుంది? మా పెద్ద మిషన్లకీ ఇదే రోగం. ఒక్కో మిషనుకి ఒక్కో కొలత. నీ ముప్పై ఒకటి సరిగ్గా ఆ కొలతలో ఇరుక్కుంది."

"అయితే మార్జిను పెంచి, అక్షరాలు చిన్నవి చేసేస్తాను."

చేసింది. అన్నీ ఒక్క పేజీలో కుదిరాయి గానీ, పేర్లు చీమల బారులా వచ్చాయి. మాస్టారు పెదవి విరిచారు.

"కాగితం నిలువుగా తిప్పు తల్లీ. రోజులు కిందికి రాయి, మనుషుల్ని అడ్డంగా పెట్టు. ముప్పై ఒక్క గళ్ళు పక్కపక్కన ఇరుకవుతాయి గానీ, ఒకదాని కింద ఒకటి హాయిగా పడతాయి."

ఈలోగా బల్ల ముందు వరస గుమ్మం దాకా సాగింది. డ్యూటీ లేని ఒక బస్సు కండక్టరు ఉండబట్టలేక లేచాడు. "తిరిగిచ్చేవాళ్ళు ఎడమపక్క! తీసుకెళ్ళేవాళ్ళు కుడిపక్క! ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది!" అని గొంతెత్తాడు. ఆ హాల్లో అంత పెద్ద గొంతు ఎన్నడూ వినపడలేదు. అందరూ ఫక్కున నవ్వారు, నవ్వుతూనే జరిగారు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చిన పుస్తకాలకి తారీకు ముద్రలు వెయ్యడానికి కూర్చుంది. చిరిగిన పేజీ కనిపించినప్పుడల్లా తెచ్చినవాణ్ణి నిలబెట్టి కడిగేసింది. సాయంత్రానికి పుస్తకాలన్నీ అరలు చేరాయి.

పొదుపక్క పెద్ద లైబ్రేరియన్‌గారికి తనే ఫోను చేసి జరిగిందంతా ఏకరువు పెట్టింది. తిడతారని కళ్ళు మూసుకుంది.

"ఆ కండక్టరుకి మెంబర్‌షిప్ ఉందా?" అన్నారాయన నవ్వు ఆపుకుంటూ. "లేకపోతే ఇప్పించు. నువ్వు దిగులుపడకు. తప్పు దాచకుండా చెప్పి, నువ్వే సరిచేశావు. నేనైతే ప్రింటరుని తన్నేవాణ్ణి."

మర్నాడు కొత్త నెల చార్టు గోడకెక్కింది. నిలువు కాగితం, చుట్టూ ధారాళంగా అంచు, దూరాన్నుంచి కూడా చదవగలిగిన పేర్లు. పెళ్ళికెళ్ళిన అమ్మాయి "సారీ అక్కా" అంటూ వెనక నుంచి కౌగిలించుకుంది. ఈసారి పొదుపక్క ప్రతి గడినీ వేలు పెట్టి చూసుకున్నాకే అంటించింది. గర్వంగా మాస్టారిని పిలిచి చూపించింది.

ఆయన పైనుంచి కిందికి మెల్లగా చదివి జేబులోంచి పెన్సిలు తీశారు.

"అంచులు బాగున్నాయి. 'ఆదివారం'లో దీర్ఘం రెండుచోట్ల ఎగిరిపోయింది."

పొదుపక్క నవ్వేసి, ఆ కాగితాన్ని గోడ మీంచి చిరగకుండా పీకి, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది.