ఎండిన గొట్టంలో చప్పుడు

నీళ్ళ సరఫరా ఆఫీసులో అతన్ని అందరూ పాముచెవుల మావయ్య అనేవారు. ఇనపకడ్డీ ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని "ఇక్కడ తవ్వండి" అనేవాడు. తవ్వితే జానెడు అటో ఇటో గొట్టం చిట్లి కనపడేది. పక్కన లారీలు పోతున్నా సరే, భూమిలో నీళ్ళు చిమ్మే సన్నటి 'స్స్' అతనికి విడిగా వినిపించేది.

తరవాత పెట్టెలొచ్చాయి. గొట్టానికి రెండుచోట్ల తగిలిస్తే, లీకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో తెర మీద అంకె పడుతుంది. మావయ్య మొదట మూతి విరిచాడు. ఆర్నెల్లు తిరిగేసరికి అలవాటు పడ్డాడు. మోకాళ్ళ మీద కూర్చోనక్కర్లేదు, ఎండలో మాడక్కర్లేదు. సుఖం ఎవరికి చేదు? అలా తొమ్మిదేళ్ళు కడ్డీ ముట్టుకోలేదు.

రిటైరయ్యే ఏడాది, పెట్టెలో ఛార్జింగ్ అయిపోతే కొత్తవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోవడం చూసి, వాళ్ళకి కడ్డీ పని నేర్పిస్తానని అర్జీ పెట్టాడు. అది ఇంజనీరు దగ్గరికెళ్ళింది. ఆ ఇంజనీరు స్వయానా అతని అల్లుడు. ఇంట్లో "మావయ్యగారూ" అనేవాడు, ఆఫీసులో "పెద్దాయనా" అనేవాడు.

"నేర్పే ముందు మీకెంత గుర్తుందో చూద్దాం, పెద్దాయనా."

"చూడండి బాబూ. ఈతొచ్చినవాడు ఈత మర్చిపోతాడా?"

సోమవారం పొద్దున ఆఫీసు వెనకాల పాతిన ముప్ఫై అడుగుల గొట్టం దగ్గర పరీక్ష. అందులో ఒకచోట చిల్లు పెట్టామనీ, ఎక్కడో చెప్పమనీ అన్నారు. ఆఫీసంతా చుట్టూ మూగింది. ఒకావిడ ఫోన్లో వీడియో తీస్తోంది.

మావయ్య కడ్డీ ఆనించాడు. హోరు తప్ప ఏమీ లేదు. జరిగాడు. మళ్ళీ హోరే. చెమట కళ్ళలోకి దిగింది. నాలుగోచోట ఎట్టకేలకు 'స్స్' మంది.

"ఇక్కడే!"

"గట్టిగా చెప్తున్నారా?"

"కాకపోతే చెవులు కోసిస్తా."

"వాల్వు నిన్న సాయంత్రమే కట్టేశాం, పెద్దాయనా. గొట్టంలో చుక్క నీళ్ళు లేవు. చిల్లూ లేదు."

నవ్వులే నవ్వులు. "చెవులు పొట్లం కట్టించండి సార్!" అని ఎవరో అరిచారు.

ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు.

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"ఆయన చెప్పారు నాన్నా. ఇప్పటికైనా ఆ కడ్డీ గోల వదిలేస్తావని ఊరుకున్నా."

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికెళ్ళాడు. "ఈ వయసులో ఇంత బాగా వినపడ్డం అదృష్టమండీ" అన్నాడు డాక్టరు. చెవుడని చెప్పి ఉంటే మావయ్య ఆ రాత్రి నిద్రపోయేవాడు.

మూడు వారాల తరవాత ఒక దర్జీ కొట్టున్న వీధిలో గొట్టం చిట్లింది. ఒక పెట్టె రిపేరుకెళ్ళింది, రెండోది గోతిలో పడి తడిసింది. ఆస్పత్రికి నీళ్ళు పోయేది ఆ గొట్టంలోంచే, కట్టేయడానికి లేదు. నీళ్ళు పైకి రావడం లేదు గానీ దర్జీ కొట్టు గోడ అడుగున చెమ్మ, గోడకి నిలువునా బీట. అల్లుడు కారు పంపించాడు.

"మావయ్యగారూ, మీరే చూడాలి" అన్నాడు అందరి ముందూ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మావయ్య ఒక గడ్డపార అడిగి తీసుకుని, రోడ్డు మీద ఆనించి విన్నాడు. 'స్స్' మంది. మూడడుగులు జరిగాడు. అక్కడా 'స్స్' మంది. ఎటు జరిగితే అటు వినిపిస్తోంది. ఏది నీరో, ఏది తన ఆశో తేల్చుకోలేకపోయాడు. తెలియడం లేదనాలి. అనకుండా చూపుడువేలితో ఒకచోట చూపించాడు.

తవ్వారు. పొడిమట్టి. ఇంకోచోట చూపించాడు. పొడిమట్టే. మూడోది తవ్వుతుండగా గోడ కూలింది. కుట్టిన బట్టలు తెచ్చుకుందామని అప్పుడే లోపలికెళ్ళిన దర్జీ కుడిచెయ్యి దాని కిందపడి నలిగింది. చిట్లినచోటు గోడ పక్కనే ఉంది.

రెండ్రోజులకి అల్లుడు సంతకానికి కాగితం తెచ్చాడు, వెంట కూతురు కూడా వచ్చింది. అనుభవమున్న సిబ్బంది తప్పుడు చోటు చూపడం వల్లే ప్రమాదం జరిగిందని అందులో ఉంది.

"అబద్ధం రాయలేదు కదా, మావయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"పెట్టెయ్ నాన్నా. నువ్వెలాగూ దిగిపోయేవాడివి. ఆయనకింకా బోలెడు సర్వీసుంది" అంది కూతురు.

సంతకం పెట్టి, ఆ సాయంత్రమే ఆస్పత్రికెళ్ళాడు. దర్జీ కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. మంచం పక్కన భార్య, భర్త కత్తిరించి వదిలేసిన రవికె గుడ్డకి చేత్తో కుట్టు వేస్తోంది.

"ఒక్కమాట చెప్పండి" అన్నాడు దర్జీ. "వినపడే చూపించారా, ఊరికే చూపించారా?"

"వినపడిందనుకున్నాను."

దర్జీ భార్య సూది ఆపింది. "ఎవరితనూ?" అంది భర్తని.

"ఎవరో. పొరపాటున మన గదిలోకొచ్చాడు. పంపించెయ్" అన్నాడు దర్జీ.