మెడ దగ్గర బుడగ

ఆమె దేన్నైనా ముందు గోటితో కొట్టి వింటుంది. కప్పు, తలుపు, సూట్‌కేసు, ఆఖరికి మొగుడి మాట కూడా. సీసాల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే. బెల్టు మీద వచ్చిన వైన్ సీసాని దీపానికెత్తి చూడాలి, గోటితో కొట్టాలి. ఖంగుమంటే పాస్. బొంగురుగా పలికినా, గాజులో బుడగ కనిపించినా పక్కనున్న తొట్లో పడెయ్యాలి. అక్కడ పగిలి మళ్ళీ కొలిమికి పోతుంది. పాసైన సీసాని మాత్రం ఎవరూ పగలగొట్టకూడదు.

పాసైనవన్నీ సముద్రం ఒడ్డున ఉన్న ద్రాక్షతోటలకి పోతాయి. ఆ తోటల వైన్ అంతా ఆమె వేళ్ళు తాకిన గాజులోనే లోకం మీదికి వెళ్తుంది. ఆమె మాత్రం ఆ ఒడ్డు చూడలేదు. కొలిమికైతే ఏటా నెల రోజుల విశ్రాంతి, లేకపోతే ఇటుకలు పగులుతాయట. మనుషులు పగలరని పైవాళ్ళ నమ్మకం.

అయితే తప్పంతా పైవాళ్ళది కూడా కాదు. అదే ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టే భర్త ఏటా అక్కడికి ప్రయాణం అనుకునేవాడు, ఆమె ఏటా దాన్ని తొట్లో పడేసేది. ఓ ఏడు గది కిటికీ సముద్రం వైపు లేదంది. ఇంకో ఏడు మనం వెళ్ళేసరికి ద్రాక్షకోత అయిపోతుందంది. మరో ఏడు బస్సు సీటు చక్రం మీద పడిందంది.

ఈసారి అతను అడగలేదు. నాలుగు రోజులకి గది మాట్లాడి, ఆరింటి బస్సుకి రెండు టికెట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు రాకపోతే నేనొక్కణ్ణే వెళ్తాను. తిరిగొచ్చేది మాత్రం అనుమానమే."

ఆ మాటని ఆమె మనసులోనే గోటితో కొట్టి చూసింది. ఖంగుమంది.

ప్రయాణం రోజు సాయంత్రం నాలుగున్నరకి ఆమె మూడోసారి బట్టలు మడుస్తోంది. ఫోను వంటింటి కిటికీ గట్టు మీద, సీసా పక్కన ఉంది. మెడ దగ్గర బుడగ ఉందని పదేళ్ళ కిందట ఆమె పడేసిన సీసా అది. భర్త తొట్లోంచి ఏరి తెచ్చాడు. తెచ్చిన మర్నాటి నుంచి దాన్లో సముద్రం ఉంటోంది. రోజుకి రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పోటు వేళకి కింద పళ్ళెం పెడితే సరిపోతుంది.

"విశ్రాంతిలో ఉన్న రెండో కొలిమిని రేపే వెలిగిస్తే మన సెలవు రద్దంట. సూపర్‌వైజరు ఫోన్ చేస్తానన్నాడు," అందామె.

"ఎత్తకు," అన్నాడు భర్త.

"ఎత్తకపోతే ఎలాగండీ? బెల్టు దగ్గర ఎవరుంటారు?"

సూట్‌కేసు మీద కూర్చుని మూత నొక్కుతున్న ఆడపడుచు కస్సుమంది. ఆమె యూనియన్ కార్యదర్శి. "సెలవు భిక్ష కాదు వదినా, హక్కు! ఫ్యాక్టరీ గోడంతా నేనే రాశాను."

"చూశాను. 'హక్కు' కాస్త వంకరగా వచ్చింది."

"నీకు విప్లవం ఎదురొచ్చినా ముందు దాని మెడ దగ్గర బుడగే కనిపిస్తుంది!"

భర్త నవ్వలేదు. బూట్లు వేసుకుని, ఒక టికెట్టు జేబులో పెట్టుకున్నాడు. రెండోది బల్ల మీదే ఉంచాడు.

ఫోను మోగింది.

ఎత్తితే "సరే సార్" అంటుందని ముగ్గురికీ తెలుసు. పందొమ్మిదేళ్ళలో సూపర్‌వైజరుతో ఆమె ఇంకో మాట అనలేదు. చేతులు తుడుచుకుని కిటికీ వైపు నడిచింది.

పోటుకి ఇంకా మూడు గంటలుంది. అయినా సీసాలో నీళ్ళు లేచాయి. నాలుకంత అల ఒకటి మెడ దాటి బయటికొచ్చి, ఫోనుని చుట్టుకుని లోపలికి పోయింది. ఫోను సీసా అడుగున, ఇసుకలో పడుకుని మోగుతోంది.

"పళ్ళెం పెట్టలేదా?" అంది ఆడపడుచు.

"ఇప్పుడెలా తియ్యడం?" అందామె.

"పగలగొట్టి తీసుకో," అన్నాడు భర్త, గుమ్మం వైపు నడుస్తూ. "ఎలాగూ నువ్వు వద్దన్న సీసానేగా."

ఆమె సుత్తి అందుకుంది. రెండో చేత్తో సీసాని వెలుగుకెత్తింది, అలవాటు కొద్దీ. లోపల సముద్రం వెనక్కి తగ్గుతోంది. తడి ఇసుక, దాని పైన ఏటవాలుగా కొండ, కొండ నిండా వరసలుగా ద్రాక్షతీగలు. ఇంకా కొయ్యలేదు. మెడ దగ్గర బుడగ అలాగే ఉంది. గోటితో కొట్టింది. బొంగురుగానే పలికింది. ఫోను మోగుతూనే ఉంది. భర్త తలుపు గొళ్ళెం తీశాడు.

ఆమె సీసాని మెల్లగా గట్టు మీద పెట్టింది.

"పాస్," అంది.

పాసైన సీసాని పగలగొట్టకూడదు. సుత్తి సొరుగులో పెట్టేసి, సీసా కింద పళ్ళెం జరిపి, బల్ల మీది టికెట్టు తీసి సీటు నంబరు చూసింది. చక్రం మీద సీటే.

"ఏమండీ, ఆగండి," అంది. "కిటికీ వైపు నేను కూర్చుంటాను."