కనకప్ప తలకు రంగు

పీటలు సర్దుతూ కొత్త పూజారి కనకప్పతో, "మీ తల్లిని వెనక కూర్చోబెట్టి మీ ఇంటామెను పిలవండప్పా" అన్నాడు.

పీట మీద కూర్చున్నది కనకప్ప భార్య సిద్ధమ్మే. అతనికి యాభై రెండు, ఆమెకు నలభై ఏడు.

"నేనే ఇంటామెను స్వామీ" అని నవ్వింది సిద్ధమ్మ. సత్యనారాయణ కథ ముగిసేదాకా నవ్వుతూనే ఉంది. కనకప్పకు ఆ నవ్వు చూసి భయం వేసింది.

పూజ అయిన ఐదో రోజు ఆమె మాత్రల డబ్బా తెరిచి చూశాడు. పూజ నాటి నుంచి ఒక్క మాత్రా తగ్గలేదు.

సిద్ధమ్మకు ఇరవై రెండేళ్లుగా బైపోలార్ జబ్బు. ఒక్కోసారి నిద్ర మానేసి ఇల్లంతా సున్నం కొట్టేది, ఒక్కోసారి గోడవైపు తిరిగి వారాల తరబడి పడుకునేది. మాత్రలతో కుదుటపడింది. మధ్యలో ఒకసారి మానేస్తే, హగరి రైల్వే స్టేషన్‌లో చెప్పుల్లేకుండా, గాజులన్నీ ఎవరికో ఇచ్చేసి దొరికింది.

"ఎందుకు మింగలేదే?"

"ఆ మాత్రలే నన్ను ముసల్దాన్ని చేసినాయి. నీ పక్కన కూర్చుంటే అమ్మ అంటాండారు. బేడ, నాకొద్దు."

బతిమాలి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె అంతా విని, "తప్పు మాత్రలదని అనుకోవద్దమ్మా. ఈ జబ్బున్న వాళ్ల ఒళ్లు వయసు కన్నా ముందే అరుగుతుందని పరిశోధనలు చేసేవాళ్లు అంటున్నారు. మాత్రలు ఆ అరుగుదలను కొంత ఆపుతాయేమోనని కూడా అంటున్నారు. ఇంకా తేలలేదు. మానేస్తే ఏమవుతుందో మాత్రం మీరే చూశారు కదా" అంది.

"పోయిన ఏండ్లు తిరిగొస్తాయా?"

"నాకు తెలీదమ్మా."

ఆ మాట నిజమే కాబట్టి సిద్ధమ్మకు కోపం రాలేదు. కానీ ఇంటికొచ్చాక డబ్బా ముట్టుకోలేదు.

సాయంత్రం దీపం పెట్టి కనకప్ప దేవుణ్ణి అడిగాడు. ఒకే ఇంట్లో, ఒకే కుండ అన్నం తిన్నాం. కాలం ఆమెకే ఎందుకు తొందరగా నడిచింది స్వామీ?

ఆదివారం పొద్దున అలవాటుగా తలకు రంగు కలుపుకుంటూ అద్దంలో చూసుకున్నాడు. పదేళ్లుగా ఈ గిన్నె. పాపం, పూజారి పొరపాటులో సగం ఇందులోదే కదా! రంగు పారబోసి, గాంధీనగర్ క్షౌరశాలకు వెళ్లి పొట్టిగా కత్తిరించుకుని వచ్చాడు. తలంతా బూడిద రంగు.

సిద్ధమ్మ గడపలోనే ఆగిపోయింది. "ఎవరప్పా తాతా? యాడికొచ్చినావు?"

"సిద్ధమ్మ మొగుణ్ణి."

ఆమె వచ్చి అతని తల నిమిరింది. కనకప్ప పనిచేసేది జీన్స్ ఫ్యాక్టరీలో. కొత్త ప్యాంట్లను రాయితో రుద్ది పాతవిగా చేయడం అతని పని.

"ఏన్రీ, ఏమయ్యా, తల మీ ఫ్యాక్టరీలో రుద్దించుకున్నావా?"

"పాతగా కనబడేదానికే గిరాకీ, తెలీదా? నేను రంగు మానేసినా. నువ్వు మాత్రలు మానొద్దు."

సిద్ధమ్మ లోపలికి వెళ్లింది. చెంబుతో నీళ్లు, మాత్రల డబ్బా తెచ్చుకుంది.

"వచ్చే పున్నానికి ఆ పూజారినే పిలుస్తావా?"

"పిలుస్తా."

"ఈసారి నిన్ను మా నాయన అంటాడు సూడు" అంటూ మాత్ర నోట్లో వేసుకుంది.