ఆరు ముఖాల అట్ట

నేను ఒక అట్టముక్కను. నా మీద వరసగా ఆరు ముఖాలుంటాయి. మొదటిది పళ్లికిలిస్తుంది, ఆరోది ఏడుస్తుంది. నొప్పి ఎంతుందో నోటితో చెప్పలేని పిల్లలు వేలుపెట్టి చూపించడానికి గుంటూరులో ఓ ప్రెస్సువాడు నన్ను అచ్చేశాడు. పైన ప్లాస్టిక్ తొడుగు వేయించడానికి ఆసుపత్రివాళ్లకు చెయ్యి రాలేదు. పిల్లల బాధ కొలిచే సరుక్కి అంత మర్యాద ఎందుకనుకున్నారు కాబోలు.

కరోనాకు దారులు మూసేస్తారని తెలిసి, నన్ను తెనాలి పిల్ల సుమేధ చేతిలో పెట్టి పంపేశారు. ఆమెకు పదకొండేళ్లు, నాలుగో ఏటి నుంచీ కీళ్ల జబ్బు. రోజూ పొద్దున్నే తల్లి అరుంధతి నన్ను తెచ్చి ముందు పెట్టేది. ఆ పిల్ల ఎప్పుడూ రెండో ముఖమే చూపించేది, తండ్రి ఆ సంగతి డాక్టరుకు ఫోనులో చెప్పేవాడు. ఆటా బడీ లేకుండా ఇంట్లో కూర్చోవడం సుమేధకు పాత సంగతే. కొత్తగా నేర్చుకుంటూ గోల పెట్టింది మిగతా లోకమే.

ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల కొడుకు ప్రద్యుమ్న కూడా ఉన్నాడు. జబ్బు లేదు కాబట్టి వాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. బయటికెళ్తే అక్కకు అంటిస్తావని గడప దాటనివ్వలేదు. వాడు రోజుకు ఇరవైసార్లు చేతులు కడిగేవాడు, చర్మం పగిలేదాకా. అది చూసి బుద్ధిమంతుడని అమ్మానాన్నా మురిసిపోయారు. ఇంత తెలివితక్కువ మురిపెం నేనెక్కడా చూడలేదు. వాడు పక్క తడపడం మొదలుపెట్టాక అదీ పోయింది.

"నీకేం రోగంరా? తిని కూర్చోడమేగా" అంది అరుంధతి దుప్పటి ఉతుకుతూ.

ఒంట్లో బాగున్న పిల్లలను పెద్దవాళ్లు పలకరించే తీరు ఇదే. అడుగుతారు, జవాబు కోసం ఆగరు.

తల్లి వంటింట్లోకి వెళ్లాక సుమేధ నన్ను తమ్ముడి ముందు పెట్టింది.

"పద్దూ, నువ్వు చూపించు."

"నాకేం నొప్పి లేదక్కా."

"నొప్పి కాదులే. నీకెట్టా ఉందో అది చూపించు."

వాడు తడి వేలు అయిదో ముఖం మీద పెట్టి, ఎంతకీ తీయలేదు.

"నా వల్ల నీకొచ్చి నువ్వు చచ్చిపోతేనో?" అన్నాడు. "అమ్మకి చెప్పొద్దు."

చెప్పనంది. ఆనాటి నుంచి రోజూ వాణ్ణి అడిగేది. వాడు రోజూ ఆ తడి వేలితో అక్కడే చూపించేవాడు. నాకు ఆ పెద్దవాళ్లను చూస్తేనే ఒళ్లు మండేది.

దారులు తెరిచాక తల్లి ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నన్ను తిరగేసి చూసింది. రెండో ముఖం కాస్త మాసిందంతే, అయిదోది తడికి అరిగి చెరిగిపోయింది.

"ఇంత నొప్పి పడుతూ ఫోనులో రెండని చెప్పించావేంటమ్మా?"

"అది నా వేలు కాదండి. మా తమ్ముడిది" అంది సుమేధ.

మాట తప్పింది. ఆ ఇంటివాళ్లు చేసిన మంచిపని ఆ ఏడాదంతటికీ అదొక్కటే.

అరుంధతి కొడుకు వైపు తిరిగింది. వాడు పగిలిన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"నీకేం రోగంరా?" అంది.

ఆ మనిషికి వేరే మాట రాదు. కాకపోతే ఈసారి జవాబు కోసం ఆగింది.