గండిలో పడ్డ దుర్భిణి

నేను ఒక దుర్భిణిని. బైనాక్యులర్స్ అంటేనే మీకు అర్థమవుతుందంటే అలాగే అనుకోండి, నాకేం పట్టింపు లేదు. అద్దాలు సానపట్టే ఫ్యాక్టరీలో పుట్టాను. నా అద్దాలు సానపట్టిన మనిషికి కళ్ళు మసకబారాయని పనిలోంచి తీసేశారు. చూపు తయారుచేసేవాళ్ళ చూపు పోతే ఈ లోకంలో ఎవడికీ వింతగా తోచదు.

కొన్నాళ్ళు ఒక సైనికాధికారి మెడలో తిరిగాను. కొన్నాళ్ళు గుర్రప్పందేల్లో తిరిగాను. చివరికి హైదరాబాదు కోఠీలో, ఫుట్‌పాత్ మీద పరిచిన దుప్పట్లో తేలాను. అక్కడ నన్ను కొన్నవాడు వీరమాచనేని పూర్ణచంద్రం. గుడివాడ దగ్గర రైసు మిల్లు ఆయనది. పిట్టల్ని చూడ్డానికి కొన్నాడనుకున్నాను. కాదు. బస్తాలు మోసే హమాలీలు గుప్పెడు బియ్యం జేబులో వేసుకుంటున్నారేమోనని మేడ మీంచి చూడ్డానికి! ఏళ్ళ తరబడి చూశాడు. ఒక్కడూ దొరకలేదు. "గట్టి దొంగలు, అందుకే దొరకట్లా" అనుకున్నాడే గానీ, దొంగతనమే జరగడం లేదేమో అని ఒక్కనాడూ అనుకోలేదు.

అలాంటి మనిషి భార్య అనసూయను వెంటబెట్టుకుని దక్షిణాఫ్రికా సఫారీకి వెళ్ళాడు. నేనూ మెడలో వేలాడుతూ వెళ్ళాను. టూరు ఆఫీసు వాళ్ళు ఇచ్చిన డ్రైవరు పేరు బొంగాని. జులూ మనిషి, నవ్వుముఖం.

అడవిలో పూర్ణచంద్రం సింహాన్ని కూడా నమ్మలేదు.

"కదలదేంటే అది? మందుపెట్టి పడుకోబెట్టుంటారు. దొంగ వెధవలు!"

గేటు కాపలావాడు దొంగ. మంచినీళ్ళు అమ్మినవాడు దొంగ. జీపులో ఆ మాట వినపడినప్పుడల్లా బొంగాని హుషారుగా వెనక్కి తిరిగి, రోడ్డు పక్కకి చెయ్యి చూపించి, "దొంగా! యెస్ సార్! బిగ్ దొంగా!" అనేవాడు.

"విన్నావా? మన మాటలు పట్టేశాడు. వెక్కిరిస్తున్నాడు" అని గొణిగేవాడు పూర్ణచంద్రం.

"మీరు రోజంతా అదే జపం చేస్తుంటే చిలక్కైనా వచ్చేస్తుంది లెండి" అనేది అనసూయ.

అడవిలో తిరిగిన అలసట తీరాలని బొంగాని వాళ్ళని కొండల్లోకి తీసుకెళ్ళాడు. పెద్ద లోయ అంచున రాతితో కట్టిన బస. ఎదురుగా ఎర్రటి కొండగోడలు, ఎక్కడో అడుగున దారంలా ఏరు, చెమట పట్టనివ్వని చల్లగాలి. విశ్రాంతికి వచ్చినవాడు ఏం చెయ్యాలి? కాళ్ళు బారజాపుకుని కూర్చోవాలి. పూర్ణచంద్రం మాత్రం నన్ను కళ్ళకి అంటించుకుని, లోయ అవతలి జనం తనవైపు ఎందుకు చూస్తున్నారా అని ఆరా తీశాడు. వాళ్ళ కళ్ళకీ దుర్భిణులే ఉన్నాయి. వాళ్ళు చూస్తున్నది కొండని.

"ఏవండీ, ఉప్మా చల్లారిపోతోంది!"

అనసూయ కేకేస్తే నన్ను పిట్టగోడ మీద పెట్టి లోపలికి పోయాడు. అంతే, ఒక్క గాలి విసురు. గోడ వెనక వానలకి నేల కోసుకుపోయి పెద్ద గండి పడి ఉంది. దొర్లుకుంటూ దాన్లోకి పోయాను. ఒక అద్దం పగిలింది. పక్కనే జీపు కడుగుతున్న బొంగాని చూశాడు. పూర్ణచంద్రం బయటికి రాగానే తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఐ సా, సార్! దొంగా! దొంగా!"

పూర్ణచంద్రం ఖాళీ గోడ చూశాడు.

"చూశావటే అనసూయా! వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు!"

"ఏమని?"

"దొంగనని!"

వెంటనే టూరు ఆఫీసుకి ఫోను కొట్టాడు. "యువర్ డ్రైవర్ తీఫ్! హి ఓన్లీ టెల్లింగ్!" అని అరిచాడు. తీఫ్ అన్న మాట బొంగానికి అర్థమైంది. నవ్వుముఖం చచ్చిపోయింది. ఒక్క ఫిర్యాదు చాలు సార్, నా పని పోతుంది, అని ఇంగ్లీషులో బతిమాలాడు. గండిలో పడి ఉండి అంతా విన్నాను. దూరాన్ని దగ్గర చెయ్యమంటే చేస్తాను. పక్కన నిలబడ్డ మనిషిని చూపించమంటే నా వల్ల కాదు, నా పుట్టుకే అంత.

బొంగాని గండిలోకి దూకి నన్ను పైకి తెచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను. పిచ్చిదాన్ని.

"అదుగో! దాచిన చోటు వాడికి గాక ఇంకెవడికి తెలుస్తుందే?" అన్నాడు పూర్ణచంద్రం.

అనసూయ ఆయన్ని వదిలేసి, బొంగానిని ఇంగ్లీషులో అడిగింది, నువ్వనే దొంగా అంటే ఏమిటని.

"ఇదే మేడమ్, వాన కోసేసిన ఈ గుంట. మా దేశంలో దొంగా అంటారు. మీరు దారి పొడవునా దాని గురించే మాట్లాడుకుంటుంటే, మీ ఊళ్ళో ఇవి లేవు కాబోలు, సరదాపడుతున్నారు అనుకున్నాను. అందుకే కనపడిన ప్రతిదీ చూపించాను." చెప్పి, తనూ అడిగాడు. "మీ భాషలో దొంగా అంటే ఏంటి?"

అనసూయ తల వంచుకుని చెప్పింది.

"అయితే దారంతా మీరు చూసింది గుంటల్ని కాదన్నమాట" అన్నాడు బొంగాని. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏవండీ, ఫోను చెయ్యండి."

"ఇప్పుడేం కొంపలు మునిగాయని?"

"మునిగేది మన కొంప కాదు గనక మీకు తెలీట్లా. చెయ్యండి. తప్పు నాదని మీ నోటితో చెప్పండి."

చేశాడు. "మిస్టేక్. మై మిస్టేక్. డ్రైవర్ గుడ్" అని గోడకేసి తిరిగి గొణిగాడు. గట్టిగా చెప్పండి, అంది అనసూయ. మళ్ళీ గట్టిగా చెప్పించింది. అవతలివాళ్ళు సరేనన్నాకే ఫోను పెట్టనిచ్చింది.

బొంగాని నా మీది మట్టిని చొక్కా అంచుతో తుడిచాడు. నన్ను ఎవరి చేతికీ ఇవ్వలేదు. గోడ మీద పెట్టి, సగం కడిగిన జీపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను ఆ బస వరండాలో ఒక మేకుకి వేలాడుతున్నాను. వచ్చిపోయేవాళ్ళు నా మిగిలిన ఒక్క కంట్లోంచి కొండని చూస్తారు. అంతకంటే మంచి పని ఈ జన్మలో చెయ్యలేదు. నన్ను ఎవరూ మర్చిపోయి వదిలెయ్యలేదు. వాళ్ళు బయల్దేరిన పొద్దున అనసూయ నన్ను గోడ మీద చూసింది. చూసి, ఖాళీ చేతులతో జీపెక్కింది.

"నా బైనాక్యులర్స్ ఏవే?" అన్నాడు పూర్ణచంద్రం.

"పోయాయి."

ఆయన నోరు తెరిచాడు. స్టీరింగు దగ్గర కూర్చున్న బొంగాని పైనున్న అద్దంలోంచి ఆయన్నే చూస్తున్నాడు.

ఎవడు తీశాడని ఆయన అడగలేదు.