ఏ వార్డూ లేని నెంబరు

టీలో చక్కెర వేసుకున్నానో లేదో గుర్తుండని మనిషిని నమ్మి ఇంత పెద్ద ఆసుపత్రిలో అందరి పేర్లూ చేతిలో పెట్టారంటే వీళ్ళ ధైర్యమే ధైర్యం, అనుకుంటూ ఆమె కప్పు పక్కకి జరిపింది, తెరమీద లాగ్ వరసలు కిందికి జారుతూనే ఉన్నాయి, ఎవరు ఏ కంప్యూటర్ తెరిచినా ఒక వరస పడుతుంది, ఎప్పుడు, ఏ గదిలో, ఏ నెంబరు, అంతే, నెంబరు వెనక మనిషి కనబడడు, మనుషులంతా డైరెక్టరీలో ఉన్నారు, పేరూ హోదా వార్డూ పై అధికారీ సహా, వాళ్ళని తెచ్చి ఈ లాగ్‌లలో కలపడమే పొద్దుట్నుంచీ తన పని, కలుపుతుంటే ఎంత ముచ్చటగా ఉందో, ఇప్పటిదాకా ఉత్త అంకెలుగా ఉన్నవి ఒక్కొక్కటే పేరు తొడుక్కుని నిలబడుతున్నాయి, ఈయన ఎక్స్‌రే ఆయన, ఈవిడ మందుల గది ఆవిడ, ఇది కనిపెట్టిన మహానుభావుడెవరో గాని దణ్ణం పెట్టాలి, సాయంత్రం వదినకి చెబితే నవ్వుతుంది, ఏం మరదలా, ఇవాళ నీ పెట్టెలు ఏమన్నాయి అంటుంది, వదినదీ ఈ ఆసుపత్రే, పై అంతస్తుల్లో నర్సు, తను ఇక్కడ చేరి నెల కూడా కాలేదు గాని వదిన ఏళ్ళ తరబడి ఇక్కడే, ఏ వార్డు వదినా అంటే, ఎక్కడ పిలిస్తే అక్కడ అంటుంది, ఏ మాటా తిన్నగా చెప్పదు కదా, ఇవాళ ఏమైంది అన్నా, వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని, ఏముంది, ఎప్పుడూ ఉండేదే, అని కళ్ళు మూసుకుంటుంది.

కాని ఒక్క నెంబరు మాత్రం పేరు తొడుక్కోనని మొండికేసింది, యూజర్ తెలియదు, యూజర్ తెలియదు, మళ్ళీ అదే, కుర్చీ వెనక నిలబడ్డ సెక్యూరిటీ అధికారి, అందరూ చాటుగా తాళంకప్ప అని పిలిచే పెద్దమనిషి, వంగి చూసి ముక్కు మీది అద్దాలు సరిచేసుకున్నాడు, పేరు లేదు, ప్రతి వార్డులోనూ దూరుతున్నాడు, దొంగ కాక ఎవడమ్మా, రోగుల వివరాలు బయటికి పోతే మనందరి మెడకీ చుట్టుకుంటుంది, భోజనాల్లోపు తేల్చు, తేలకపోతే అకౌంట్ మూసేస్తాను అన్నాడు, ఆయన అన్నదీ తప్పు కాదు, మూసేస్తే ఒక పని అయిపోతుంది, కాని నిజంగా ఇక్కడి మనిషే అయితే, ఈ క్షణాన ఏ మంచం పక్కనో మందు చేతిలో పట్టుకుని ఉంటే, ఎంత మోతాదో చూడబోయేసరికి తెర నల్లబడితే, ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది.

దొంగైతే దొంగలాగే ఉండాలి కదా, అని వరసలు వెనక్కి తిప్పింది, ఈ నెంబరు తీరే వేరు, ఎవరి వివరాలు తెరిచినా ముందు చూసేది ఆ రోగికి ఏ మందు పడదో ఆ పేజీ, తరవాతే మందుల పేజీ, ఒక్కసారి కూడా తప్పలేదు, పని కాగానే లాగౌట్, పెద్ద పెద్ద డాక్టర్లే తెర బార్లా తెరిచి పోతుంటే ఈ దొంగ తలుపు వేసి మరీ వెళుతోంది, పొద్దున్న పిల్లల వార్డు, తరవాత కాలిన గాయాల వార్డు, అత్యవసర విభాగంలో గుంపు పెరిగిన ప్రతిసారీ అక్కడ, ఒక్క మనిషికి ఇన్ని కాళ్ళెక్కడివి, ఎవరమ్మా నువ్వు, అనుకుంది, తెలియకుండానే ఆమెకి ఆ నెంబరు మీద గౌరవం కలిగింది, వదినా అంతే, ఇంటికి ఎవరొచ్చినా వడ్డించేముందు మీకేది పడదు అని అడుగుతుంది, వెళ్ళే ప్రతి గదిలోనూ లైటు ఆర్పుతుంది, ఎక్కడ పిలిస్తే అక్కడ, ఎక్కడ పిలిస్తే.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి, పొద్దున్న డైరెక్టరీ నుంచి పేర్లు తెచ్చే ఇంపోర్ట్‌కి షరతు రాసింది తనే, డైరెక్టరీ అంటే ఒక చెట్టు, వార్డుకో కొమ్మ, ఏ కొమ్మ ఏ వార్డుదో చూసి, వార్డు ఉన్నవాళ్ళనే తెమ్మంది, ఎంత పద్ధతిగా రాశానా అని మురిసిపోయింది కూడా, మరి ఏ వార్డూ లేనివాళ్ళు, కొమ్మల్లో కాక మొదట్లోనే ఉండిపోయినవాళ్ళు, వాళ్ళని పిలిచిందెవరు, బిడ్డని చంకన పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే, ఒక్క నిమిషమండీ, తప్పు నాదే, అని షరతు తీసేసి మళ్ళీ నడిపింది, తాళంకప్ప గడియారం చూసుకున్నాడు గాని అకౌంట్ మూసెయ్యడానికి తన చెయ్యి కీబోర్డు మీదికి పోనివ్వలేదు, తెర ఒకసారి ఖాళీ అయింది, పేర్లు వచ్చాయి, ఆ నెంబరు పక్కన వదిన పేరు, ఇంటిపేరుతో సహా, హోదా దగ్గర ఏ వార్డులో మనిషి తక్కువైతే ఆ వార్డుకి వెళ్ళే నర్సు, వార్డు దగ్గర ఏమీ లేదు.

ఎవరావిడ, తెలుసా నీకు, అన్నాడాయన, మా వదినండీ, అంది, ఆయన చాలాసేపు ఆ వరసల్నే చూశాడు, పైనుంచి కిందికి, ఇన్ని చోట్ల ఈవిడ ఒక్కతేనా అన్నాడు, మూసేసే మాట మళ్ళీ ఎత్తలేదు, మెల్లగా తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు, తెరమీద వరసలు జారుతూనే ఉన్నాయి, ఇప్పుడే కొత్తది ఒకటి పడింది, పిల్లల వార్డు, వదిన పేరు, ముందు ఏ మందు పడదో ఆ పేజీ, ఆ తరవాత మందు, ఆ తరవాత లాగౌట్, ఆమె చల్లారిన టీ అందుకుని ఒక గుక్క తాగింది, చక్కెర వేసుకోనేలేదు, వదిన ఏనాడూ మాట దాటెయ్యలేదు, అడిగిన ప్రతిసారీ ఉన్నదున్నట్టే చెప్పింది, ఎప్పుడూ ఉండేదే అంటే ఇదీ.