నాలుగు వేళ్ల మడత

హిందూపురంలో గుడ్డల అంగడి మెట్లెక్కుతూ నరసప్ప చొక్కా జేబు తడుముకున్నాడు. జేబులో ముడులేసిన దారం ఉంది. కూతురు సుచిత్ర కొలతలవి. భుజానికో ముడి, ఎదకో ముడి, కింద అంచుకో ముడి. గొర్రెల దొడ్డికి తాడు కొలిచినట్టే కొలిచాడు.

సోమవారం సుచిత్రకు బెంగుళూరులో గుండె ఆపరేషన్. పుట్టినప్పటి నుంచీ ఉన్న రంధ్రం పదకొండో ఏట బయటపడింది. "ముందే తెచ్చింటే బాగుండు. చూద్దాం," అన్నాడు పెద్ద డాక్టరు. ఆ "చూద్దాం" నరసప్ప చెవిలో ఇంకా తిరుగుతానే ఉంది. ఆస్పత్రి నర్సు మాత్రం పని చెప్పింది: ఎద మీద కుట్లు పడతాయి, తల మీంచి తొడిగేవి పనికిరావు, ముందర తెరుచుకునే మెత్తటి గౌను కుట్టించుకోని రండి.

కుట్టేది ఇప్పుడు వెంట వచ్చిన గంగులమ్మ. నరసప్పకు అక్క. పెనుకొండలో ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. సుచిత్ర నడక నేర్చినప్పటి నుంచీ ఆ పిల్ల తొడిగిందంతా ఈమె కుట్టిందే.

"ఏమక్కా, పాపకేనా? ఈ నెట్టు గుడ్డ చూడు, బొమ్మ మాదిరి ఉంటాది," అన్నాడు అంగడాయన.

"బొమ్మకు కుట్టేటప్పుడు వస్తాలే. కాటన్ తియ్యప్పా."

ఆయన తెల్ల మల్లుగుడ్డ తాను విప్పి పరిచాడు. గంగులమ్మ చెయ్యి దాని మీద పడి, కాలినట్టు వెనక్కొచ్చింది.

"తెల్లది వద్దు."

"ఇంతకంటే మెత్తంది యాడా దొరకదక్కా."

"వద్దంటి కదప్పా. చుట్టి పెట్టు."

చివరికి చిలకపచ్చ మీద ఎర్రపూల గుడ్డ ఒకటి నచ్చింది. పిడికిట్లో నలిపి చూసింది, చెంపకు రుద్దుకుంది, వేలు తడి చేసి పూల మీద రాసి రంగు అంటలేదని నమ్మకం చేసుకుంది. గుండీలు బల్లపరుపువి ఏరింది. ఇనుప హుక్కుల డబ్బా పక్కకు తోసేసింది. సుచిత్ర అడిగిన జరీ అంచు సంచీలోనే ఉంది. ధర్మవరంలో మగ్గం నేసే పెద్దక్క ఇచ్చిన ముక్క. అది ఎద దగ్గర గీరుకుంటుంది కాబట్టి కిందికే.

"ఏదిరా కొలత?"

నరసప్ప దారం తీసిచ్చాడు. గంగులమ్మ దాన్ని గుడ్డ మీద సాచి పెట్టి, కనుబొమలు ముడేసింది.

"ఇంత పొడుగుండాదేమి? నిలబెట్టే తీసినావా?"

"లేదక్కా. తెల్లారి నిద్రపోతాండె. లేపితే ఆయాసపడతాదని, పండుకున్నట్టే..."

అంగడాయన కత్తెర ఆగింది. గంగులమ్మ దారాన్ని వదిలేసింది.

పండుకున్న మనిషికి కొలత తీసేది ఒక్కసారే, గుంత తవ్వేటప్పుడు. వాళ్ల నాయన పోయినప్పుడు పక్కన కట్టె పెట్టి కొలిచిందీ నరసప్పే. తెల్లారి దారం పట్టుకున్నప్పుడు ఆ మాట ఎట్లా గుర్తుకు రాలేదో ఆయనకే తెలియలేదు.

"కొంచెం ఎక్కువే కొయ్యప్పా," అన్నాడు నరసప్ప. "పెరిగే పిల్ల."

గంగులమ్మ బజారు వైపు చూస్తా నిలబడింది.

బస్సులో ఆమె ఒక్క మాటే మాట్లాడింది. "ఇల్లు చేరుతానే ఆ దారం పొయ్యిలో ఎయ్." నరసప్ప వేశాడు. దారం చిటికెలో పోయింది. ముడులు మాత్రం కాసేపు ఎర్రగా నిలిచాయి.

గంగులమ్మ టేపు తీసుకుని వచ్చి సుచిత్రను గోడకు నిలబెట్టింది.

"అత్తా, ముందర గుండీలా? అవ్వ రవిక మాదిరి ఉంటాది!"

"ఉంటే నీకూ ఒక ఆకూవక్కా సంచి కుట్టి ఇస్తాలే. తిన్నగా నిలబడవే."

సుచిత్ర నవ్వబోయి గోడ పట్టుకుంది. ఆ మాత్రానికే పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టయ్యాయి. కొలత ఎట్లో అయిందనిపించి మంచం మీద కూచోబెట్టారు.

పక్కింట్లో, మిషన్ ముందర నేల మీద గంగులమ్మ గుడ్డ పరిచింది. నరసప్ప గడప మీద కూచున్నాడు. ఆమె పిల్లలకు ఏది కుట్టినా కింద నాలుగు వేళ్లు ఎక్కువ వదిలి లోపలికి మడిచేది. పిల్ల పెరిగే కొద్దీ విప్పేది. సుచిత్ర పాత గౌన్లన్నిటికీ కింద ఆ విప్పిన మడతల గీతలుంటాయి.

ఈ పొద్దు సుద్దగీత సరిగ్గా కొలత దగ్గరే పడింది. కత్తెర గీత దగ్గరికి వచ్చింది.

"అక్కా, మడతకు వదల్లేదే."

"గుడ్డ చాలదురా."

గుడ్డ గీతకు అవతల మూరెడు పడి ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తాండారు.

నరసప్ప లేచి వచ్చి వంగాడు. గీత కింద నాలుగు వేళ్లు ఆనించాడు. "ఈడ కత్తిరించు."

"నరసా..."

"ఈడ."

ఆమె తల ఎత్తలేదు. కత్తెర ఆయన చిటికెన వేలి గోరు రాసుకుంటా పోయింది. జరీ ముక్క పెట్టి, నాలుగు వేళ్లూ లోపలికి మడిచి, మిషన్ వైపు జరిగింది.

"మిషన్ మీద వద్దక్కా. చేత్తో వెయ్. విప్పేటప్పుడు సులువుగా రావల్ల."

గంగులమ్మ సూది తీసింది. దారం బెజ్జంలోకి పోలేదు. కొస తడిపి మళ్లీ పెట్టింది. పోలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నరసప్ప సూది అందుకుని, దారం ఎక్కించి ఇచ్చాడు.

గోడకు అవతల సుచిత్ర నిద్రపోతాంది. ఆ పిల్ల ఊపిరి ఈల మాదిరి వినిపిస్తాంది. ఉన్నట్టుండి ఆగింది. గుడ్డ మీద సూదీ ఆగింది. నరసప్ప మడతను గట్టిగా పట్టుకున్నాడు.

కాసేపటికి ఈల మళ్లీ మొదలైంది. గంగులమ్మ మొదటి కుట్టు వేసింది.